తన్నును దిగమింగిన ఫిరంగి

(మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

తుపాకి పేల్చినప్పుడు భుజం మీద పడే దెబ్బను మనవాళ్ళు తన్ను అంటారు. "తుపాకి తన్నింది" అంటాం. సైన్యంలో దాన్నే రికాయిల్ అంటారు. ఈ గంటసేపూ నేను మాట్లాడబోయేది ఆ ఒక్క తన్ను గురించే. ఫిరంగి మాట ఎత్తగానే అందరూ అడిగేది గుండు ఎంత దూరం పోతుంది, ఎంత బరువుంటుంది అని. గుండు పోయాక గొట్టం ఎక్కడికి పోయింది, మళ్ళీ తన చోటికి వచ్చిందా, ఎంతసేపట్లో వచ్చింది అని అడిగేవాళ్ళు తక్కువ. నా ఉద్దేశంలో ఫిరంగి చరిత్రను 1897కు ముందు, 1897 తర్వాత అని రెండుగా చీల్చింది ఆ ప్రశ్నకు దొరికిన జవాబే.

ముందు పాత ఫిరంగి దగ్గరికి వెళ్దాం. మూతిలోంచి మందు దట్టించే రకం. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలూ వాడిన 12 పౌండ్ల గుండు వేసే నెపోలియన్ ఫిరంగిని తీసుకోండి. కంచు గొట్టం బరువు 550 కిలోల పైమాట. గుండు దాదాపు ఐదున్నర కిలోలు. మందు ఒక కిలో పైచిలుకు. దాన్ని ఒక్కసారి పేల్చాలంటే సిబ్బంది చేసే పని వరస ఇది. ఒకడు తడి గొర్రెతోలు చుట్టిన కర్రను గొట్టంలోకి దూర్చి లోపల మిగిలిన నిప్పురవ్వలను ఆర్పుతాడు. ఆ సమయంలో ఇంకొకడు మందుకు నిప్పు అంటించే రంజకపు రంధ్రాన్ని తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో గట్టిగా మూసి ఉంచాలి. ఎందుకంటే ఆ రంధ్రం తెరిచి ఉంటే, కర్ర లోపలికి పోతున్నప్పుడు గాలి దాని గుండా ఊదుకుపోతుంది. కొలిమిలో తిత్తి ఊదినట్టే అన్నమాట. ఆరాల్సిన రవ్వ రాజుకుంటుంది. తర్వాత మందు సంచి, గుండు మూతిలో పెట్టి గజం కర్రతో దట్టిస్తారు. అప్పుడు లోపల రవ్వ మిగిలి ఉందో, దట్టించేవాడి చేతులు పోతాయి. అందుకే గజం కర్రను పిడికిలి బిగించి పట్టుకోకుండా వేళ్ళతో వదులుగా పట్టుకోవాలని, ఒంటిని మూతికి ఎదురుగా పెట్టకుండా పక్కకు ఉంచాలని కవాతులో నేర్పేవాళ్ళు. ఆ తర్వాత రంధ్రంలోంచి సూదితో మందు సంచికి చిల్లు పొడవడం, నిప్పు పుట్టించే గొట్టాన్ని అందులో పెట్టడం, తాడు లాగడం.

పేలింది. బండి మొత్తం, చక్రాలతో సహా, వెనక్కి దొర్లిపోయింది. నేల గట్టిదైతే ఒక మనిషి పొడవంత, పల్లమైతే ఇంకా ఎక్కువ. ఇప్పుడు సిబ్బంది చక్రాల చువ్వలు పట్టుకుని దాన్ని ముందుకు నెట్టాలి. తోకను కడ్డీతో ఎత్తి పక్కకు జరిపి, మళ్ళీ గురి చూడాలి. నిమిషానికి రెండు గుళ్ళు గురి చూసి వేయగలిగితే అది మంచి సిబ్బంది కింద లెక్క. ఆ రెండూ ఒకే చోటినుంచి బయలుదేరవు. నిన్న కొట్టిన లక్ష్యాన్ని ఇవాళ చీకట్లో మళ్ళీ కొట్టమంటే అది అయ్యే పని కాదు.

ఓడల మీద సంగతి వేరు, అది చెప్పుకోవాలి. యుద్ధనౌకల్లో 32 పౌండ్ల గుండు వేసే ఫిరంగి గొట్టం ఒక్కటే రెండున్నర టన్నులు దాటేది. అక్కడ తన్ను వాళ్ళకు పనికొచ్చింది. మూతి ఓడ గోడలోని కిటికీ బయటికి ఉంటుంది, మందు దట్టించాలంటే మూతి లోపలికి రావాలి. ఆ పనిని తన్నే చేసిపెట్టేది. ఫిరంగి తనంతట తాను వెనక్కి దొర్లి వచ్చేది, లావుపాటి మోకు దాన్ని ఆపేది. ఆ మోకు పాతబడి తెగితే రెండున్నర టన్నుల ఇనుము ఊగే ఓడ నేల మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. దాన్ని మించిన ప్రమాదం ఫిరంగి అంతస్తులో ఇంకోటి లేదు. చెప్పొచ్చేదేమంటే, మూతిలోంచి దట్టించినంత కాలం తన్ను పూర్తిగా శత్రువు కాదు. గొట్టం వెనకవైపు తెరుచుకునే ద్వారం, బ్రీచ్, వచ్చాకనే తన్ను అక్కర్లేని బరువైపోయింది. గుండు వెనకనుంచి మూడు సెకన్లలో పెట్టగలుగుతున్నాం, కానీ బండి పదడుగుల వెనక ఉంది. దాన్ని తోసుకొచ్చేసరికి అర నిమిషం.

19వ శతాబ్దం చివరి ముప్పై ఏళ్ళు ఇంజినీర్లందరూ ఈ అర నిమిషం మీదే పడ్డారు. చక్రాలకు తాడు బ్రేకులు కట్టారు. చక్రాల వెనక ఏటవాలు దిమ్మెలు పెట్టారు, బండి పైకెక్కి తిరిగి కిందికి జారుతుందని. తోకకు నేలలో దిగే పార బిగించారు. పారను బలమైన స్ప్రింగుతో కలిపారు. బ్రిటిష్ వాళ్ళ 15 పౌండర్‌కు 1899లో అలాంటి స్ప్రింగు పారే తగిలించారు. ఇవన్నీ బండిని ఆపే ప్రయత్నాలు. బండిని గట్టిగా ఆపితే ఏమవుతుంది? చక్రాలు గాల్లోకి లేస్తాయి. గొట్టం ఎత్తున ఉంది, పార నేలలో ఉంది, దెబ్బ పైన తగులుతుంది. పారే ఇరుసుగా బండి మొత్తం వెనక్కి తిరగబడబోయి దబ్బున పడుతుంది. గురి మళ్ళీ మొదటికొచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి లెక్క చేద్దాం. ఫ్రెంచివాళ్ళ 75 మిల్లీమీటర్ల ఫిరంగికి దగ్గరగా ఉండే గుండ్రని అంకెలు తీసుకుంటున్నాను. గుండు 7 కిలోలు. మూతి దాటేటప్పుడు సెకనుకు 530 మీటర్లు. గుణిస్తే ద్రవ్యవేగం, సెకనుకు 3,710 కిలోగ్రామ్ మీటర్లు. దానికి తోడు మందు కాలి పుట్టిన వాయువు కూడా మూతిలోంచి దూసుకుపోతుంది, దాని వాటా ఇంకో ఇరవై శాతం వేసుకోండి. మొత్తం 4,500 దగ్గర. ఇప్పుడు వెనక్కి పోయే గొట్టం 450 కిలోలనుకుందాం. 4,500ను 450తో భాగిస్తే గొట్టం వేగం సెకనుకు 10 మీటర్లు. అంటే గంటకు 36 కిలోమీటర్లు. 450 కిలోల ఉక్కు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో మీ వైపు వస్తోంది. దాని గతిశక్తి 22,500 జౌళ్ళు.

దీన్ని బండికి గట్టిగా బిగించేస్తే గొట్టం లోపలి ఒత్తిడి అంతా బండి మీదే. 75 మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం 44 చదరపు సెంటీమీటర్లు. లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2,400 కిలోల దాకా లేస్తుంది. అంటే నూటఐదు టన్నుల బలం. టన్ను పైచిలుకు బరువున్న బండి మీద క్షణంలో పడే నూరు టన్నుల దెబ్బ. బండి ఎగరక ఏం చేస్తుంది?

ఇప్పుడు గొట్టాన్ని బండికి బిగించకుండా, ఊయల లాంటి ఒక పట్టాల మీద 1.1 మీటర్లు వెనక్కి జారనిద్దాం. జారేటప్పుడు ఒకే బలంతో అడ్డుకుందాం. 22,500ను 1.1తో భాగిస్తే 20,450 న్యూటన్లు. రెండు టన్నులు. నూటఐదు టన్నులు రెండు టన్నులైంది. బండి బరువు 1,140 కిలోలు, గొట్టం నేలనుంచి మీటరు లోపు ఎత్తు, పార చక్రాలకు రెండు మీటర్ల పైగా వెనక. ఈ రెండు టన్నులు బండిని తిప్పబోయే బలిమి కంటే బండి సొంత బరువు దాన్ని నేలకు అదిమి ఉంచే బలిమి ఎక్కువ. చక్రాలు లేవవు. బండి కదలదు. కదిలేది గొట్టం ఒక్కటే.

ఇంకో చిన్న సంగతి, నాకు దీన్ని ఎన్నిసార్లు లెక్కేసినా ఆశ్చర్యమే. గుండు గొట్టం లోపల ప్రయాణించేది సుమారు 2.3 మీటర్లు. గుండు 7 కిలోలు, గొట్టం 450. కాబట్టి గుండు మూతి దాటే క్షణానికి గొట్టం వెనక్కి జరిగింది మూడున్నర, నాలుగు సెంటీమీటర్లే. మిగిలిన మీటరు పైగా ప్రయాణమంతా గుండు వెళ్ళిపోయాక జరిగేదే. అందుకే గొట్టం అంత దూరం జారినా గురి చెడదు. కానీ ఆ మొదటి నాలుగు సెంటీమీటర్లు మాత్రం పట్టాల మీద నున్నగా, వంకర లేకుండా జరగాలి. పట్టాల మీద ఇసుక పడి అక్కడ గొట్టం కాస్త తొణికిందా, గుండు ఎక్కడో పడుతుంది. గన్నర్లు పట్టాలను అంత శ్రద్ధగా తుడిచి నూనె రాసేది దీనికే.

మరి ఒకే బలంతో అడ్డుకోవడం ఎలా? ఇదిగో, ఈ సిరంజి చూడండి. సూది లేదు, లోపల నూనె ఉంది. మెల్లగా నొక్కితే సులువుగా దిగుతోంది. గబుక్కున నొక్కబోతే చెయ్యి ఆగిపోతోంది. సన్నని రంధ్రంలోంచి నూనెను రెట్టింపు వేగంతో తోయాలంటే నాలుగు రెట్ల బలం కావాలి. ఫిరంగి బ్రేకు కూడా ఇదే. నూనె నిండిన సిలిండరు, అందులో పిస్టన్, పిస్టన్‌లో రంధ్రాలు. గొట్టం వెనక్కి పోతుంటే పిస్టన్ నూనెను రంధ్రాల్లోంచి తోస్తుంది, శక్తి అంతా వేడిగా మారుతుంది.

అయితే రంధ్రం ఒకే సైజులో ఉంటే చిక్కుంది. మొదట్లో వేగం ఎక్కువ కాబట్టి అడ్డు విపరీతంగా ఉండి బండి ఎగురుతుంది. చివర్లో వేగం తగ్గి అడ్డే ఉండదు, గొట్టం ఆగకుండా చివరికంటా పోయి ఇనుముకు ఇనుము కొట్టుకుంటుంది. కాబట్టి గొట్టం వెనక్కి పోయేకొద్దీ రంధ్రం సన్నబడాలి. లెక్క ప్రకారం దారిలో మూడొంతులు దాటి నాలుగో వంతు మిగిలినప్పుడు వేగం మొదటి దాంట్లో సగానికి వస్తుంది. అంటే అక్కడ రంధ్రం కూడా సగం కావాలి. దీన్ని సాధించేందుకు సిలిండరు గోడ లోపల పొడవునా గాళ్ళు తొలుస్తారు. మొదట్లో లోతుగా, పోనుపోను లోతు తగ్గుతూ. లేదంటే పిస్టన్ రంధ్రం మధ్యలోంచి ఒకవైపు లావెక్కే కడ్డీని పంపుతారు. ఆ గాడి లోతులో మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా అడ్డుకునే బలం మారిపోతుంది.

ఆపడం సగం పనే. తిరిగి ముందుకు తేవాలి. దానికి రెండు దారులు. ఒకటి ఉక్కు స్ప్రింగులు. రెండోది బిగించిన గాలి, ఇప్పుడైతే నైట్రోజన్. గొట్టం వెనక్కి వెళ్తూ గాలిని ఇంకా నొక్కుతుంది, ఆగాక ఆ గాలే దాన్ని ముందుకు తోస్తుంది. నూనెకూ గాలికీ మధ్య తేలే పిస్టన్ ఒకటి ఉంటుంది, రెండూ కలవకుండా. కలిస్తే నూనె నురగ కడుతుంది. నురగ నొక్కితే నలిగిపోతుంది, బ్రేకు మెత్తబడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కూడా చివర్లో ఒక చిన్న బ్రేకు కావాలి, లేకపోతే గొట్టం ముందుకు వచ్చి కొట్టుకుని బండి మూతి మీదకు వంగుతుంది.

ఈ మొత్తాన్ని పనిచేసే రూపంలోకి తెచ్చింది ఫ్రెంచి సైన్యం 1897 నమూనా 75 మిల్లీమీటర్ల ఫిరంగి. డిపోర్ మొదలుపెట్టాడు, సాంత్ క్లేర్ డెవిల్, రిమాయో దాన్ని పూర్తి చేశారు. అంతకుముందే జర్మనీలో హౌస్‌నర్ అనే ఇంజినీరు గొట్టం పొడుగ్గా జారే పద్ధతిని ప్రతిపాదించాడు, అక్కడ పట్టించుకోలేదు. జర్మన్ సైన్యం 1896లో కొత్త 77 మిల్లీమీటర్ల ఫిరంగిని తీసుకుంది, జారే గొట్టం లేకుండానే. మరుసటి ఏడే ఫ్రెంచి ఫిరంగి వచ్చింది. కొత్తగా కొన్న ఫిరంగి దళం మొత్తం ఒక్క ఏడాదిలో పాతబడిపోయింది. ఆ ఫిరంగులను తర్వాత తిరగ్గట్టి జారే గొట్టాలు పెట్టుకోవాల్సి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధానికి వాళ్ళు వెళ్ళింది ఆ సవరించిన ఫిరంగులతోనే.

ఈ నూనె బ్రేకు ఎంత రహస్యమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1894లో ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే ఫిరంగి దళపు కెప్టెన్‌ను దేశద్రోహిగా ముద్ర వేసి, మరుసటి ఏడు డెవిల్స్ ఐలాండ్ అనే ఖైదీల దీవికి పంపారు. దానికి ఆధారంగా చూపిన కాగితంలో, జర్మన్లకు అమ్మజూపిన రహస్యాల జాబితాలో, మొదటి అంశం 120 మిల్లీమీటర్ల ఫిరంగి హైడ్రాలిక్ బ్రేకు. ఆ కాగితం రాసింది డ్రేఫస్ కాదు, ఎస్టర్‌హేజీ. డ్రేఫస్ నిర్దోషి అని 1906లో తేలింది. ఒక దేశ రాజకీయాలను పన్నెండేళ్ళు కుదిపేసిన వ్యవహారం మొదలైన కాగితంలో నూనె సిలిండరు ఉందంటే, ఆ సిలిండరు విలువ ఎంతో చూడండి.

ఆ 75 మిల్లీమీటర్ల ఫిరంగి నిమిషానికి 15 గుళ్ళు వేసేది. కానీ నేను అంకె కంటే ఇంకో సంగతిని పెద్దది అంటాను. బండి కదలడం లేదు కాబట్టి గన్నరు దాని మీదే కూర్చోవచ్చు. 75కు అటూఇటూ సీట్లు ఉన్నాయి, సిబ్బంది ముందు ఉక్కు పలక ఉంది. పాత ఫిరంగి మీద కూర్చుంటే కాళ్ళు విరుగుతాయి, పలక పెట్టినా దాని వెనక నిలబడలేరు. రెండోది, గురి చూసే అద్దాన్ని జారని భాగానికి బిగించవచ్చు. పేలుతున్నప్పుడు కూడా కన్ను అద్దం మీదే ఉంటుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఫిరంగి తన చోటే ఉంటుంది కాబట్టి లక్ష్యాన్ని కళ్ళతో చూడక్కర్లేదు. పక్కన పాతిన కర్రలను చూసి కోణం కొలిచి, కొండ వెనకనుంచి వేయవచ్చు. ఎక్కడో ముందున్న మనిషి గుండు పడిన చోటు చూసి "యాభై మీటర్లు కుడికి" అంటే, కుడికి తిప్పితే సరిపోతుంది. అంతకు ముందు సవరణ అనే మాటకే అర్థం లేదు, ఎందుకంటే సవరించడానికి మొదటి స్థానమే మిగలదు.

దీని అవసరం ఎంతో 1899 డిసెంబరు 15న దక్షిణాఫ్రికాలో కొలెన్సో దగ్గర బ్రిటిష్ వాళ్ళకు తెలిసొచ్చింది. 12 ఫిరంగులను నది దగ్గరి బయలు మైదానంలోకి తోలుకెళ్ళి, ఎదురుగా నిలబెట్టి కాల్చారు. దాగి ఉన్న బోయర్ల (అక్కడ స్థిరపడిన డచ్చి సంతతివాళ్ళ) రైఫిళ్ళు సిబ్బందిని పడగొట్టాయి. పది ఫిరంగులు శత్రువు చేతికి పోయాయి. ఐదేళ్ళ తర్వాత రష్యా, జపాన్ యుద్ధంలో ఫిరంగులు కొండల వెనక దాక్కుని పేలాయి.

ఇక ఏమేం చెడుతుందో చెబుతాను, ఎందుకంటే మీలో యంత్రాలు చూసుకోబోయేవాళ్ళకు అసలు పాఠం అక్కడే ఉంది. 22,500 జౌళ్ళు ఒక్క గుండుకి. నిమిషానికి 15 అంటే 3,37,500 జౌళ్ళు. పది లీటర్ల నూనె ఉందనుకుంటే, వేడి ఎక్కడికీ పోకపోతే, నిమిషానికి ఇరవై డిగ్రీలు ఎక్కుతుంది. ఉక్కు కొంత వేడిని పంచుకుంటుంది గాని, నాలుగు నిమిషాల జోరు కాల్పుల తర్వాత నూనె అర లీటరు దాకా ఉబ్బవచ్చు. ఆ ఉబ్బిన నూనెకు చోటు లేకపోతే గొట్టం పూర్తిగా ముందుకు రాదు. రెండంగుళాలు వెనకే ఆగిపోతుంది. అందుకే పక్కన స్ప్రింగు పిస్టన్ ఉన్న చిన్న సిలిండరు పెడతారు. ఎక్కువైన నూనె అందులోకి వెళ్తుంది, చల్లారాక తిరిగి వస్తుంది. కొత్త కుర్రాళ్ళు చేసే తప్పు ఇక్కడ ఒకటుంది. వేడెక్కిన ఫిరంగి ముందుకు రావడం లేదని నూనె తీసేస్తారు. పొద్దున చల్లారేసరికి నూనె తక్కువ. మొదటి గుండుకే గొట్టం హద్దు దాటి పోయి అడ్డానికి కొట్టుకుంటుంది. నూనె మట్టం ఫిరంగి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, వేడి మీద చూసిన మట్టానికి విలువ లేదు.

చలిలో ఇది తలకిందులవుతుంది. నూనె చిక్కబడుతుంది, గొట్టం తక్కువ దూరం జారుతుంది, బండి మీద దెబ్బ పెరుగుతుంది. ముందు తక్కువ మందుతో ఒకటి రెండు గుళ్ళు వేసి నూనెను వేడెక్కించే అలవాటు అందుకే.

నూనె, గాలి రెండింట్లో దేనిది లోపమో ఎలా తెలుస్తుంది? పట్టా పక్కన స్కేలు మీద జారే చిన్న ముల్లు ఒకటి ఉంటుంది. గొట్టం దాన్ని వెనక్కి తోసి వదిలేస్తుంది. ప్రతి గుండుకీ ఒకరు ఆ ముల్లు చూడాలి. జారిన దూరం మామూలు కంటే పెరుగుతూ ఉంటే నూనె తక్కువైంది, లేదా సీలు కారుతోంది. దూరం బాగానే ఉండి తిరిగి రావడం మందగించిందంటే గాలి ఒత్తిడి పడిపోయింది. దూరం ఒక్కో గుండుకు ఒక్కోలా ఉంటే నూనెలో గాలి చేరింది. మూడు రోగాలు, మూడు గుర్తులు, ఒకటే ముల్లు. దాన్ని చూడటం మానేసిన సిబ్బంది ఫిరంగిని పాడుచేస్తారు, కొన్నిసార్లు ప్రాణాలు కూడా పోతాయి. గొట్టం జారే దారి వెనక మనిషి నిలబడకూడదనే నియమం దేనికో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

స్ప్రింగుల కథ కూడా కొంచెం చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళు తమ 18 పౌండర్‌కు గాలి బదులు ఉక్కు స్ప్రింగులు పెట్టుకున్నారు. గాలి కారిపోతుంది, స్ప్రింగు కారదు కదా అని. శాంతికాలంలో అది సరైన ఆలోచనే. కానీ మొదటి ప్రపంచయుద్ధంలో రోజుల తరబడి ఆగకుండా కాల్చేసరికి స్ప్రింగులు అలసి పటపటా విరిగాయి. చివరికి అదే గూటిలో పట్టే గాలి పరికరం తయారుచేసి మార్చుకున్నారు. గాలి పరికరం చేయడం మాత్రం సులువు కాదు. 1917లో అమెరికా యుద్ధంలోకి వచ్చి ఫ్రెంచి నమూనాలను తీసుకున్నప్పుడు, 155 మిల్లీమీటర్ల ఫిరంగి గాలి పరికరాలు చేసే పని కార్లు చేసే డాడ్జ్ సోదరులకు, 75వి కుట్టు మిషన్ల సింగర్‌కు వెళ్ళింది. పొడవాటి ఉక్కు దిమ్మెలో అద్దంలా నున్నటి సిలిండరు తొలవడం, అందులో నూనె జారనివ్వని పిస్టన్ బిగించడం మామూలు ఫిరంగి ఫ్యాక్టరీ పనికి మించిన నేర్పు.

తర్వాతి తరాల్లో కొత్త చిక్కులు వచ్చాయి. గొట్టాన్ని బాగా పైకెత్తి కాల్చాలంటే వెనక్కి జారే గొట్టం నేలను పొడుస్తుంది. పాతకాలం గన్నర్లు తోక కింద గొయ్యి తవ్వేవాళ్ళు. తర్వాత ఎత్తు పెరిగేకొద్దీ జారే దూరం దానంతట అదే తగ్గేలా రంధ్రాలను తిప్పే ఏర్పాటు వచ్చింది. పైకెత్తినప్పుడు దెబ్బ నేలలోకి దిగుతుంది, బండిని తిప్పదు. కాబట్టి తక్కువ దూరంలో గట్టిగా ఆపినా ఫరవాలేదు.

మూతికి బిగించే మజిల్ బ్రేకు మీరు ఫొటోల్లో చూసే ఉంటారు, పక్కలకు కిటికీలున్న టోపీ లాంటిది. ముందుకు పోయే వాయువును పక్కకు, వెనక్కి మళ్ళిస్తుంది. తన్ను బాగా తగ్గుతుంది. కానీ దానికి కట్టాల్సిన ధర ఉంది. దుమ్ము లేచి చోటు బయటపడుతుంది, పేలుడు అల సిబ్బంది చెవుల మీదకే వస్తుంది. నేటి ట్యాంకు గొట్టాలకు అది కనపడదు. అవి బాణం లాంటి సన్నని గుండును చుట్టూ తొడుగు ముక్కలతో పంపుతాయి, మూతి దాటగానే ఆ ముక్కలు విడిపోతాయి. అక్కడ కిటికీల టోపీ ఉంటే ముక్కలు తగులుకుంటాయి, గాలి చెదిరి బాణం దారి తప్పుతుంది. కాబట్టి ట్యాంకు లోపల ఉన్న కొద్ది జాగాలోనే, మీటరులో మూడో వంతు దగ్గర్లో, తన్నునంతా ఆపాలి. ట్యాంకు యాభై అరవై టన్నులు ఉంటుంది కాబట్టి అది సాధ్యం.

తన్నును ఆపకుండా రద్దు చేసే దారి కూడా ఉంది. వెనక ద్వారాన్ని మూయకుండా, శంఖం మూతి లాంటి గొట్టంలోంచి వాయువును వెనక్కి వదిలేస్తారు. ముందుకు పోయే గుండుకు వెనక్కి పోయే వాయువు సరితూగుతుంది. అదే రికాయిల్‌లెస్ గన్. అది తేలిక, జీపు మీద కూడా బిగించవచ్చు. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర మన సైనికుడు అబ్దుల్ హమీద్ పాకిస్తాన్ ట్యాంకులను కొట్టింది జీపు మీద బిగించిన అలాంటి గన్‌తోనే. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. ఆ గన్‌ను 106 మిల్లీమీటర్లు అంటారు గాని అసలు రంధ్రం 105. అంతకుముందున్న 105 నమూనా గుళ్ళతో కలిసిపోకుండా పేరు మార్చారు. ఈ పద్ధతి లోపం అర్థం చేసుకోవడం సులువు. మందులో చాలా భాగం వెనక్కే పోతుంది, అదే గుండుకు ఎన్నో రెట్ల మందు కావాలి. వెనక పదుల మీటర్ల మేర నిప్పు, రాళ్ళు, దుమ్ము. మూసిన గదిలోంచి కాల్చకూడదు, వెనక గోడ ఉంటే ఆ అల తిరిగి కాల్చినవాడి మీదకే వస్తుంది. పైగా ఆ దుమ్ము శత్రువుకు "నేను ఇక్కడున్నాను" అని చెబుతుంది. ఒకటి రెండు గుళ్ళు వేసి చోటు మారకపోతే బతకడం కష్టం.

చోటు మారడం అనేది నేడు అన్ని ఫిరంగులకూ వచ్చిన కష్టమే. గాల్లో ఎగిరే గుండును రాడార్ పట్టి, దాని దారిని వెనక్కి లెక్కగట్టి, ఏ చోటునుంచి వచ్చిందో చెప్పేస్తోంది. పైన డ్రోన్ తిరుగుతోంది. ఇక్కడే పారతో తకరారు. ఫిరంగి నిలకడగా ఉండాలంటే పార లోతుగా దిగాలి. మొదటి ఒకటి రెండు గుళ్ళకు పార నేలలో సర్దుకుంటుంది, అప్పుడు గురి కాస్త అటూఇటూ అవుతుంది. పదో గుండుకు బాగా కుదురుకుంటుంది, మెత్తని నేలలో అయితే పూర్తిగా పూడుకుపోతుంది. సరిగ్గా అప్పుడే పారిపోవాలి! బురదలోంచి పారను పెరికి తీయడానికి పట్టే నిమిషాలే ప్రాణాంతకం. రాతి నేలలో ఇంకో బాధ, పార దిగదు, గన్ జారుతుంది. ఫ్రెంచి సీజర్ లాంటి లారీ ఫిరంగులు వెనక పెద్ద పారను హైడ్రాలిక్ చేతులతో దించి, పని కాగానే అదే చేతులతో ఎత్తుకుని నిమిషంలోపు కదులుతాయి. మన సైన్యం 145 కొన్న ఎం777 ఇంకో దారి పట్టింది. 155 మిల్లీమీటర్ల ఫిరంగి బరువు 4,200 కిలోలే, ఎక్కువగా టైటానియం. ఇంత తేలికైనది తన్నుకు ఎగరాలి కదా? గొట్టాన్ని నేలకు చాలా దగ్గరగా దించారు, ముందుకు రెండు పొడుగాటి కాళ్ళు చాచారు. ఎత్తు తగ్గితే తిప్పే బలిమి తగ్గుతుంది. 1897లో చేసిన లెక్కే అది, అంకెలు మారాయి.

ఒక ప్రశ్న వచ్చింది, అదే ఆఖరిది. "మందు లేకుండా విద్యుత్తుతో గుండును విసిరే రైల్ గన్‌కు తన్ను ఉంటుందా?" ఉంటుంది, తప్పకుండా. ముందుకు ఏదైనా పోతే వెనక్కి ఏదో ఒకటి తోయాల్సిందే. తోపు పట్టాల మీద, వాటికి కరెంటు తెచ్చే వెనక కడ్డీల మీద పడుతుంది. అమెరికా నౌకాదళం 2010 డిసెంబరులో 33 మెగాజౌళ్ళ పరీక్ష చేసింది. దానికి దగ్గరగా 10 కిలోల వస్తువు, సెకనుకు 2,500 మీటర్లు అనుకోండి. గుణిస్తే 25,000. మామూలు 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు 43 కిలోలు, 830 మీటర్లు, గుణిస్తే 35,690, వాయువు వాటా దానికి అదనం. అంటే శక్తి రెట్టింపైనా రైల్ గన్ తన్ను మామూలు ఫిరంగి కంటే తక్కువే. శక్తికి వేగం వర్గం కావాలి, తన్నుకు వేగం ఒక్కసారే లెక్క. ఆ ప్రాజెక్టును 2021లో ఆపేశారు. అందులో ఇంజినీర్లను ఎక్కువగా వేధించింది తన్ను కాదు, ప్రతి కాల్పుకూ లక్షల ఆంపియర్ల కరెంటు కింద కరిగి అరిగే పట్టాలు. ఆ పట్టాల అరుగుదల గురించి మాట్లాడాలంటే ఇంకో గంట కావాలి.